ఎర్సిలియా పొట్ట మూసుకున్న వైనం

బొగొతా నగరంలో కొండవాలున మా వీధిలో ఎర్సిలియా కెకాన్ చేసే తమాలెస్ తినని వాళ్లుంటే, వాళ్లు నిన్ననే అద్దెకు దిగి ఉంటారు. మొక్కజొన్న పిండిలో కోడిమాంసం కూరి, అరిటాకుల్లో పొట్లాలు కట్టి ప్రతి శనివారం ఉడకేసేది. ముప్పై ఏళ్లలో ఏ పొట్లంలోకీ చుక్క నీరు దిగలేదు.

పోయిన మే నెలలో ఆవిడకు కడుపునొప్పి వచ్చింది. కడుపునొప్పంటే మాకు ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, ఒళ్లు రుద్దే రొసాల్బా. పిలుచుకొచ్చింది నేనే. "బొడ్డు జారిందక్కా," అని ఆమె వేడి కొవ్వు రాసి మూడు రోజులు పిసికింది. లోపల వాచిన అపెండిక్స్ పగిలి, చీము పొట్టంతా పాకింది.

ఆసుపత్రిలో పొట్ట కోసి కడిగారు గానీ కుట్టలేదు. పేగుల మీద పల్చటి ప్లాస్టిక్, దాని మీద స్పాంజి, ఆపైన జిగురు పొర వేసి, గొట్టం పెట్టి మిషనుతో చీమునీరు లాగుతున్నారు.

"కుట్టకుండా ఎందుకొదిలేశారమ్మా?" అని డాక్టరమ్మ వెంటపడ్డాను.

"కుట్టేస్తే చీము లోపలే ఉండిపోతుంది మామ్మా. రెండు రోజులకోసారి తెరిచి కడుగుతాం. మిషను లాగుతూనే ఉండాలి. వారంలో మూయలేకపోతే ఆ తర్వాత మూయడం చాలా కష్టం."

ఆ లాగడమే ఆగిపోతోంది. తొడ మడత దగ్గర పొర లేచి, గాలి దూరి, మిషను కీచుమనేది. నర్సు యదీరా పొడవాటి పట్టీ అంటించేది. గంటకల్లా మళ్లీ కీచు. నాలుగోసారికి ఎర్సిలియా కళ్లు తెరిచింది.

"అమ్మాయ్, చెమట మీద అంటిస్తే ఏదైనా నిలుస్తుందా?"

"తుడిచాను కదమ్మా!"

"తుడిచావు. ఆరనిచ్చావా? ఇదిగో, కాలు చాపుతున్నా, మడత విప్పు. ఒకే పెద్ద ముక్క కాదే, చిన్నచిన్నవి. ఒకదాని అంచు మీదికి ఇంకోటి ఎక్కాలి. చిరిగిన ఆకుకు అతుకు అలాగే వేస్తాం."

"మా నర్సింగ్ బళ్లో ఇలా చెప్పలేదే!"

"మీ బళ్లో తమాలెస్ వండించారా ఏంటి?"

యదీరా నవ్వుతూనే చెప్పినట్టు చేసింది. మిషను నోరు మూసుకుంది. మర్నాడూ అరవలేదు. మిషను డబ్బాలో పడే బురదనీరు రోజురోజుకీ పల్చబడింది. ఏడో రోజున డాక్టరమ్మ బయటికొచ్చి, "లోపల శుభ్రంగా ఉంది. కుట్టేశాం," అంది. ఆవిడ టోపీ ఊడిపోయేలా వాటేసుకున్నాను.

పేగులు మళ్లీ పనిచేస్తాయా అన్నదొక్కటే మిగిలింది. కింద నుంచి గాలి పోతే పనిచేస్తున్నట్టేనని డాక్టరమ్మ చెప్పింది. కుట్టేసిన మూడో రోజు మధ్యాహ్నం వార్డంతా సూప్ తాగుతుంటే, ఎర్సిలియా దుప్పటి కింద నుంచి పెద్ద చప్పుడొచ్చింది.

"ఎవరమ్మా అది?" అంది పక్క మంచం ఆవిడ.

"నేనే!" అని ఎర్సిలియా చెయ్యెత్తింది.

వార్డంతా చప్పట్లు కొట్టింది.