దస్తగిరమ్మ చెయ్యి

ఇరవై ఏండ్లుగా ఒక తడిసిన గోనెసంచిని మోస్తాండా. నవ్వుతారేమో, నవ్వండి. మా ఆలూరు ఎండకు మనిషే ఎండిపోతాడు గానీ, ఆ సంచి మాత్రం నా లోపల ఇంకా తడిగానే ఉండాది. మీరెవరో నాకు తెల్దు, నేనెవరో మీకు తెల్దు. అందుకే మీకు చెప్తాండా. తెలిసినోళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ నోటుబుక్కు ఎందుకు ముందరేసుకుంటా?

మాది బొరుగుల బట్టీ. ఇంటి వెనక కొట్టంలోనే ఉండేది. కింద బుడ్డల పొట్టు, అదే శెనక్కాయల పొట్టు, మండుతాది, మీద బాండ్లిలో ఇసుక కాగుతాది, కాగిన ఇసుకలో బియ్యం పోస్తే బొరుగులై లేస్తాయి. పొగ పోయేకి మిద్దె మీదికి ఒక గొట్టం. పొద్దన్నే బిస్మిల్లా అని బట్టీ ముట్టియ్యల్ల. ఆ పని ఎవరంటే వాళ్లు చేసేది కాదు. ముట్టించే చెయ్యి మంచిదైతేనే దినమంతా బొరుగు బాగా లేస్తాదని మా అత్త నమ్మకం. ఆరేండ్లు ఆ చెయ్యి నాదే.

చీకటీ కాదు, వెలుగూ కాదు, ఆ పొద్దులో నేనొక్కదాన్నే. పుల్ల గీస్తే పొట్టు ముందు చిటపటమంటాది, తర్వాత నిదానంగా ఎర్రబడతాది, ఇసుక వెచ్చబడే వాసన వస్తాది. ఆ వాసన ఎట్ల ఉంటాదో చెప్పడం నాకు రాదు. ఇప్పటికీ నిద్రలో ఆ వాసనకే మెలకువ వస్తాది. లేచి చూస్తే గ్యాసు పొయ్యి, గోడ. ఇంకేమీ ఉండదు.

దస్తగిరమ్మ నా మరిది పెండ్లాం. నాకు తోడికోడలు. బద్వేలు పిల్ల. అడిగితేనే మాట్లాడేది, లేకుంటే గమ్మున ఉండేది. పెండ్లయిన నెలకే మా అత్త అగ్గిపెట్టె నా చేతిలోంచి తీసి ఆయమ్మకిచ్చింది. కొత్త కోడలు గదా, ముట్టించనీ అనింది. అంతే. ఆ నెలంతా బొరుగులు మల్లెమొగ్గల మాదిరి లేచినాయి. సంతలో గూడా అదే మాట, మీ చిన్నకోడలి చెయ్యి శానా మంచిదని. నాకు కడుపు మండింది. దాచేదేముంది? మండింది.

శుక్రవారం బట్టీ ముట్టించరు. అట్లాంటి ఒక శుక్రవారం మగోళ్లు నమాజుకు పోయినారు. అత్త పండుకొని ఉండాది. దస్తగిరమ్మ వసారాలో బియ్యం చెరుగుతా ఉండాది, ఆ చేట చప్పుడు తప్ప ఊర్లో ఏ చప్పుడూ లేదు. ఎండ పాల మాదిరి తెల్లగా పరుచుకొని ఉండాది. నేను గోనెసంచిని తొట్టిలో ముంచి, పిండి, నిచ్చెనెక్కి, గొట్టం నోట్లో కుక్కినా. మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలికి తోసినా. వేరే ఎవరో చేస్తాంటే నేను చూస్తాన్నట్ల ఉండాది. కలేమో అనుకున్నా. కలలో చేసిన పనికి చేతికి మసి అంటుతాదా? గోరు సందుల్లో మసి రెండు దినాలు పోలే.

శనివారం దస్తగిరమ్మ పుల్ల గీసింది. పొట్టు పట్టుకోలే. పొగ వెనక్కి తిరిగి కొట్టం నిండా కమ్ముకునింది. మళ్లీ గీసింది, మళ్లీ పొగే. నిప్పు లేందే పొగ రాదంటారు, మా ఇంట్లో ఆ రెండు దినాలూ ఉత్త పొగే. పొట్టు తడిసిందేమోనని నా మొగుడు పిడికెడు బయటేసి అంటించినాడు. భగ్గుమనింది. బూడిద గుంత తోడేసినాడు. కడ్డీల సందులన్నీ గీకినాడు. ఆదివారం ఆ పిల్ల మళ్లీ ముట్టించింది, మళ్లీ ఆరిపోయింది. అప్పుడు ఆయప్ప నిచ్చెన దిక్కు చూసినాడు. గబుక్కున నేనే అందుకున్నా.

గొట్టం నేను చూసినాలే, మిరపకాయలు ఆరేసేకి మిద్దెక్కినప్పుడు చూసినా, బాగుండాది అని చెప్పినా. ఆయప్ప నమ్మినాడు. నా మాట ఎప్పుడూ నమ్ముతాడు. అన్నీ చూసినాక ఇంక మిగిలింది ఒకటే గదా. మా అత్త దస్తగిరమ్మ చేతుల దిక్కు చూసింది.

ఆ మధ్యాన్నం ఆ పిల్ల చల్లారిన బట్టీ ముందర కూర్చోని ఉండాది. కండ్లు ఎర్రగా ఉండాయి, పొగకో ఏడుపుకో.

"అక్కా, నా చెయ్యే మంచిది కాదంటావా?"

నిచ్చెన పక్కనే ఉండాది. ఎక్కి తీసేస్తే అయిపోయేది. నోరు తెరిచినా గూడా.

"ఏమోమ్మా. కొందరి చేతికి అగ్గి పలకదు."

తన అరచేతులు తిప్పి చూసుకునింది. "నిజమే అక్కా. మా అమ్మోళ్లింట్లో గూడా ఒకసారి నేను ముట్టించిన పొయ్యి ఆరిపోయింది," అనింది.

గోనె కుక్కింది తప్పే. కానీ నన్ను నిద్రలో లేపేది గోనె కాదు, నేనన్న ఆ మాట. గోనెనైతే ఆ సాయంత్రమే మిరపకాయలు ఎత్తే నెపంతో పోయి తీసేసినా. సోమవారం నేనే ముట్టించినా. భగ్గున లేచింది. చెయ్యంటే ఇదీ అని మా అత్త నా తల నిమిరింది. దొంగకు తేలు కుట్టినట్ల తలొంచుకొని ఇసుకలో బియ్యం పోసినా. ఆ పొద్దు ఇసుక వాసన నాకు తెలీనే లేదు.

ఆ పొద్దు నుంచి దస్తగిరమ్మ అగ్గిపుల్ల గీయలే. నమ్ముతారా? మా అత్త పోయింది, బట్టీ పోయింది, ఇంటింటికీ గ్యాసు వచ్చింది. ఇప్పటికీ పొయ్యి ముట్టియ్యల్లంటే కూతుర్ని కేకేస్తాది. నా చెయ్యొద్దులేమ్మా అని నవ్వుతాది. ఎంత మామూలుగా నవ్వుతాదో! ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు పొగ వాసన వస్తాది.

పోయిన నెల ఆయమ్మ కొత్తిల్లు చేరింది. పాలు పొంగియ్యల్ల. ఆయమ్మ ఇల్లు, ఆయమ్మ పొయ్యి. అందరూ చూస్తాండంగా అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. నీ చెయ్యి మంచిదక్కా, నువ్వే ముట్టించు అనింది. నేనేం చేసినా? ముట్టించినా. పాలు పొంగినాయి. ఆయమ్మ నా చేతిని పట్టుకొని కండ్లకద్దుకునింది.

ఇప్పుడైనా చెప్పొచ్చు గదా అంటారు మీరు. తిడితే పడతా. ఆయమ్మ తిట్టే రకం కాదు. పోనీలే అక్కా అంటాది. అప్పుడు నా మొగం యాడ పెట్టుకునేది? అందుకే చెప్పలేదా నేను? లేకుంటే ఇది గూడా సాకేనా? సాకే.

రాసేసినా. కాయితం మీదికైనా వచ్చింది, ఊపిరి కొంచెం ఆడుతాండాది. ఆయమ్మకు ఇంకా తెల్దు. ఈ పొద్దు గూడా పొయ్యి కాడ నిలబడి కూతురి కోసం కేకేస్తా ఉంటాది. దస్తగిరమ్మ చెయ్యి మంచిదే. గొట్టం మూసింది నేను.