సో డిడ్ ఐ

మొన్న చిక్కడపల్లిలో కూరగాయలు కొంటుండగా, పాత కొలువు మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన మా మందుల గోదాం సంగతి ఎత్తి, అప్పటి నా రూమ్మేటు మీద తనకు మొదటినుంచీ అనుమానమేనని ఇంగ్లీషులో రాశాడు. కింద నా ఫోను తనంతట తానే జవాబులు సిద్ధం చేసి పెట్టింది. మొదటిది 'మీ టూ', నాక్కూడా అని. నేను దాన్ని నొక్కలేదు. బదులుగా ఇది రాస్తున్నాను.

అశోక్‌నగర్‌లో ఒకే గదిలో కిరాయికి ఉండి, నారాయణగూడలోని ఆ గోదాంలో పనిచేసే రోజుల్లో, ఊరినుంచి కొత్తగా వచ్చిన నా రూమ్మేటు ప్రతిదానికీ 'మీ టూ సర్' అంటుంటే, అది చిన్నపిల్లల మాట, చదువుకున్నవాళ్లు 'సో డిడ్ ఐ' అంటారని నేనే నేర్పాను. ఎదుటివాడు లేదు, కాదు అన్నప్పుడు మాత్రం 'నైదర్ డిడ్ ఐ' అనాలి. అది రేపు చెబుతానన్నాను.

"వన్ బై టూ చాయ్ లెక్క ఇంగ్లీషు గూడ సగమే పోస్తవేందన్నా" అని నవ్వాడు. ఆ రేపు రాలేదు.

సోమవారం గోదాం తెరిచేసరికి, ఎప్పుడూ గుర్రుమనే ఫ్రిజ్ చప్పుడు లేదు. ఎవరో స్విచ్ ఆపేశారు. టీకా మందులన్నీ పాడైపోయాయి. తాళాలుండేది మా ఇద్దరి దగ్గరే. తెలుగు రాని మేనేజరు నిలబెట్టి అడిగితే, నేను ఆపలేదని ఇంగ్లీషులో చెప్పాను. నేనూ అంతేనన్న ఉద్దేశంతో వాడు, ఎంతో మర్యాదగా, 'సో డిడ్ ఐ సర్' అన్నాడు.

'యూ డిడ్?', నువ్వే ఆపావా, అని మేనేజరు మెల్లగా రెట్టించాడు.

వాడు ఇంకా గట్టిగా 'యెస్ సర్' అని, సరిగ్గానే అన్నానా అన్నట్టు నావైపు చూశాడు. సరిచేయడానికి ఒక్క మాట చాలు. కానీ వాడు కాకపోతే మిగిలేది నేనే. స్విచ్ ఎవరు ఆపారో నాకు ఇప్పటికీ తెలియదు. వాడు నేరం ఒప్పుకోలేదని మాత్రం ఆ క్షణమే తెలుసు.

కొలువు పోయి, సాయంత్రం బట్టలు సర్దుకుంటూ, "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా అన్నా?" అని అడిగాడు.

ఇంగ్లీషు సరిగ్గానే ఉందన్నాను.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో గల్లీకొక ఇంగ్లీషు క్లాసు; ఒకరు చెప్పింది తప్పైతే సరిదిద్దేవాళ్లు పదిమంది దొరుకుతారు. అప్పట్లో ఊరినుంచి వచ్చినవాడికి, పక్కమంచం మీది అన్న ఏది చెబితే అదే ఇంగ్లీషు.