పాపాయమ్మ మెడ

మొగల్తూరు శివార్లలో రొయ్యల చెరువుల గట్ల మీద పొద్దున్నే మోపెడ్ చప్పుడు వినబడితే, కాపలావాళ్ళు కప్పుకున్న దుప్పట్లు తన్ని లేచి నిలబడేవారు. ఎస్సైగారి జీపు వచ్చినా ఒక కన్ను మాత్రమే తెరిచే మనుషులు వాళ్ళు. వచ్చేది పాపాయమ్మ కాబట్టి లేచేవారు. ఆవిడ బండికి స్టాండు వేసి, కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చెరువులో వేలాడే మేత పళ్ళేన్ని తాడు పట్టి పైకి లాగేది. పళ్ళెంలో మేత మిగిలితే ఎందుకు మిగిలిందని తిట్టేది. మిగలకపోతే రొయ్యలు పస్తున్నాయేమో చూడొద్దా అని తిట్టేది. తిట్టడం అయ్యాక బండి డబ్బాలోంచి జంతికలు తీసి తలో గుప్పెడు పెట్టేది.

అరవై దాటి చాలా ఏళ్ళయినా పాపాయమ్మ కాలు ఇంట్లో నిలిచేది కాదు. మనిషి పొట్టి, ముడి మాత్రం పెద్దది. అందులో సగం ఆవిడ జుట్టు, సగం సవరం. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఊరందరికీ తెలుసని ఆవిడకి మాత్రం తెలీదు.

కాపురానికి వచ్చిన కొత్తలో, ఆడది సైకిలెక్కితే చూసినవాళ్ళ కళ్ళు పోతాయని అత్తగారు అన్నదట. పాపాయమ్మ అత్తగారి ఎదుటే వాకిట్లో మూడు చుట్లు తొక్కి, దిగి, దగ్గరికొచ్చి, "కనబడుతున్నానా అత్తయ్యగారూ?" అని అడిగింది. ఆ తర్వాత మోపెడ్ కొన్నప్పుడు మొగుడు అప్పాజీ బుద్ధిగా వెనక సీట్లో కూర్చున్నాడు. వరి చేలు రొయ్యల చెరువులయినా, కొడుకు గణేష్‌బాబు కారు కొన్నా, పాపాయమ్మ బండి పాపాయమ్మదే.

అలాంటి మనిషి చేతిలోంచి బండి తాళం పోయింది. పోగొట్టింది ఒక రోలర్ కోస్టరు.

డ్వాక్రా సంఘం ఆడవాళ్ళంతా మినీ బస్సు మాట్లాడుకుని రాజమండ్రి అవతల హైవే పక్కన కొత్తగా పెట్టిన పార్కుకి బయల్దేరారు. ఆ రోజు శనివారం, పాపాయమ్మకి ఒక్కపొద్దు. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ముట్టకపోవడానికి కారణం దేవుడు కాదు, బస్సు. ప్రయాణమంటే ముందురోజు సాయంత్రంనుంచే నీళ్ళు మానేయడం ఆవిడ చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతి. దారిలో ఎక్కడ ఆపమనాలి, డ్రైవరుతో ఏమని చెప్పాలి అన్న సిగ్గు అంతటి పాపాయమ్మకీ ఉండేది.

అదే సంఘంలోని సువార్తమ్మకి ఆ సిగ్గు లేదు. ఒళ్ళో పెద్ద నీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంది. మార్టేరులో ఒకసారి బస్సాపించింది. రావులపాలెంలో పెట్రోలు బంకు కనబడగానే ఇంకోసారి ఆపించింది.

"నీకోసం గోదావరిని ఇటు మళ్ళించాలేమోనే సువార్తమ్మా!" అంది పాపాయమ్మ. బస్సంతా నవ్వింది.

"తాగినియ్యి ఎక్కడికి పోతాయండీ పాపాయమ్మగారూ? మీలాగ నేను ఒంటెని కాదు కదండీ," అంది సువార్తమ్మ మూత తిప్పుకుంటూ. బస్సు ఇంకాస్త ఎక్కువ నవ్వింది. పాపాయమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది.

పార్కులో పాపాయమ్మ సరాసరి రోలర్ కోస్టరు దగ్గరికే నడిచి, ముందు సీటు తప్ప కూర్చోనని పేచీపెట్టి కూర్చుంది. సువార్తమ్మ వెనక వరసలో ఎక్కింది. బండి కొండెక్కినట్టు నెమ్మదిగా పైకెళ్ళింది, ఒక్క క్షణం ఆగింది, తర్వాత దబ్బున జారింది. దిగేసరికి సువార్తమ్మ చెదిరిన జుట్టు సర్దుకుంటూ కిలకిల నవ్వుతోంది. పాపాయమ్మ మటుకు నవ్వలేదు. తల పగిలిపోతోంది, మెడ కొయ్యబారింది. అయినా నొప్పని ఎవరితోనూ అనలేదు. బండి జారేటప్పుడు పార్కువాళ్ళ కెమెరా తీసిన ఫొటోని అట్ట ఫ్రేముతో సహా కొనుక్కుని, బస్సెక్కి కిటికీకేసి చూస్తూ కూర్చుంది. ఇంటిదాకా అదే కిటికీకేసి చూసింది, ఇంకో పక్కకి మెడ తిరగలేదు కాబట్టి.

మర్నాడు పొద్దున గణేష్‌బాబు పిలిస్తే మనిషి మనిషంతా తిరిగి "ఏంట్రా?" అంది. అంతే, దొరికిపోయింది. నర్సాపురం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు.

"ఎముకకేం కాలేదండీ, కండరం పట్టేసింది. తగ్గిపోద్ది," అన్నాడు డాక్టరు.

"తగ్గాక మళ్ళీ ఎక్కొచ్చాండీ?" అని అడిగింది పాపాయమ్మ.

డాక్టరు ఎక్స్‌రే కిందపెట్టి ఆవిడ మొహం చూశాడు. "మీకు బీపీ లేదు, గుండె బాగుంది. నొప్పి పూర్తిగా పోయాక ఎక్కకూడదని ఏం లేదు. అయినా ఇంకా ఎందుకండీ మామ్మగారూ?"

ఎందుకో ఆవిడకీ అప్పటికి తెలీదు. ఇంటికొచ్చాక తెలిసింది. గణేష్‌బాబు గోడ మేకుకున్న బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇంక గట్ల మీద బండి నడపొద్దమ్మా. ఆ గతుకులకి మెడ ఏమవుద్దో! వయసైపోతోంది, కాస్త ఒప్పుకో. చెరువు పని చూడ్డానికి మనిషిని పెడతాను."

"మెడ పట్టింది ఆ పార్కు బండి ఎక్కితేరా. నా బండి ఏం చేసింది?"

"ఏదెక్కినా మెడ ఒకటే కదమ్మా."

పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న అప్పాజీ కళ్ళజోడు మీదుగా చూశాడు. "పోనీలేవే. ఇన్నాళ్ళకి నాకు తోడొచ్చావు. ఇంకో కుర్చీ తెప్పిస్తాను," అన్నాడు.

ఆయన ప్రేమగానే అన్నాడు. పాపాయమ్మకి మాత్రం ఆ రెండో కుర్చీ కళ్ళముందు కదిలింది. అందులో కూర్చుంటే ఇంక లేవడం ఉండదు. జీతానికి పెట్టిన మనిషి ఎవడో మేత పళ్ళెం పైకి తీస్తాడు, కాపలావాళ్ళు దుప్పట్లోనే పడుకుంటారు, తను వీధిలో పోయేవాళ్ళని పేరుపేరునా పలకరిస్తూ పొద్దుపుచ్చాలి.

"ఒరేయ్, మళ్ళీ అదే బండి ఎక్కుతాను," అంది. "తలనొప్పి లేకుండా, మెడ తిప్పుకుంటూ దిగుతాను. దిగితే తాళం నాది. దిగకపోతే మీ నాన్న చెప్పిన కుర్చీలో నువ్వు చెప్పినట్టు కూర్చుంటాను."

మళ్ళీ ఎక్కే ధైర్యం చెయ్యదనుకుని గణేష్‌బాబు సరేనన్నాడు. పాపం, సొంత తల్లి గురించి అంత తక్కువ తెలిసిన కొడుకు ఆ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

నొప్పి తగ్గేదాకా పాపాయమ్మ ఆలోచించింది. తన వయసే ఉన్న సువార్తమ్మకి ఏమీ కాలేదు. కాబట్టి తప్పు వయసుది కాదు. మరి దేనిది?

జవాబు గోడమీదే ఉంది. పార్కు ఫొటోని ఆవిడ దేవుడి క్యాలెండరు పక్కన తగిలించింది. ఇంటరు రెండుసార్లు తప్పి ఇంట్లో ఉన్న మనవరాలు నాగదుర్గ ఒకరోజు ఆ ఫొటో ముందు నిలబడి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"మామ్మా, అందరూ ముందుకి చూస్తుంటే నువ్వేంటే వెనక్కి తిరిగున్నావ్? నోరు కూడా తెరిచున్నావ్! ఎవర్ని తిడుతున్నావే?"

పాపాయమ్మ వచ్చి చూసింది. నిజమే. బండి అంచునుంచి జారే క్షణంలో, ఒంటె అన్న మాటకి బదులు తీర్చుకుందామని, మెడ మెలిపెట్టి వెనక్కి తిరిగి, "కళ్ళు మూసుకున్నావేంటే సువార్తమ్మా!" అని అరిచింది. ఆ అరుపుమీదే బండి కిందికి దూకింది.

"ఇంకోటుందే," అంది నాగదుర్గ. "నీ తల సీటుకి ఆనలేదు చూడు. మధ్యలో ఏదో కొబ్బరికాయ అడ్డమొచ్చింది."

"ఏం కొబ్బరికాయే?"

"ముడే మామ్మా. నీ ముడి."

పాపాయమ్మ వెళ్ళి కారు సీట్లో తల ఆనించి కూర్చుని, అద్దంలో చూసుకుంది. ముడి వెనక దిండుకి తగిలి, తల ముందుకి తోసుకొచ్చి, చేపకోసం చూసే కొంగలా ఉంది. అలా వేలాడే తలని ఆ బండి ఎన్ని కుదుపులు కుదిపిందో! ఖాళీ కడుపు, ఎండిన గొంతు, పెద్ద ముడి, ఊరుకోని నోరు. ఇందులో వయసు ఎక్కడుంది?

కానీ ఈ లెక్క ఒప్పుకోవాలంటే, నీళ్ళ సంగతిలో నువ్వే గెలిచావని చెప్పడానికి సువార్తమ్మ దగ్గరికి వెళ్ళాలి. అది పాపాయమ్మకి మెడనొప్పికన్నా కష్టమైన పని. రెండురోజులు వాయిదా వేసి, మూడోరోజు నడిచే వెళ్ళింది. తాళం లేదు కదా మరి.

"నాతో మళ్ళీ ఆ బండెక్కడానికి వస్తావా?" అంది గుమ్మంలోనే.

"ఆయ్, వస్తానండి. దారిలో బస్సాపుతారా మరి?"

"ఆపుతాను. నేను కూడా దిగుతాను."

సువార్తమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపి, ఆవిడ మొహం పరీక్షగా చూసి, "లోపలికి రండి, మజ్జిగ తాగుదురుగాని," అంది. పాపాయమ్మ రెండు గ్లాసులు తాగింది.

ఆ తర్వాత తయారీ మొదలైంది. డాక్టరు చెప్పిన వ్యాయామం ప్రకారం పొద్దున్నా సాయంత్రం మెడని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పేది. కుర్చీలో తల వెనక్కి ఆనించి, భుజాలు వదులుగా ఉంచి, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వుకేసి చూస్తూ కూర్చునేది. అవన్నీ తేలిగ్గానే వచ్చాయి. రానిది నోరు మూసుకోవడం ఒక్కటే. పరీక్ష పెట్టడానికి నాగదుర్గ వెనకనుంచి, "మామ్మా, నీ రొయ్యలకంటే పక్క చెరువు బుల్లియ్యగారి రొయ్యలు లావున్నాయంట!" అనేది. మొదటివారం ప్రతిసారీ పాపాయమ్మ గిర్రున తిరిగేది. "ఫెయిల్!" అనేది నాగదుర్గ. ఇంటరు తప్పిన పిల్ల చేత ఫెయిలనిపించుకోవడం చిన్న అవమానమా?

చివరికి ఒక బుధవారం సువార్తమ్మనీ నాగదుర్గనీ కూడా ఎక్కించుకుని గణేష్‌బాబు కారు తీయక తప్పలేదు. పాపాయమ్మ మార్టేరులో కారాపించింది. రావులపాలెంలో రెండిడ్లీ తిని, నీళ్ళు తాగి, మళ్ళీ ఆపించింది.

"అమ్మా, ఇలా అయితే సాయంత్రానిగ్గానీ చేరం."

"చెంబుడు నీళ్ళు తాగిన మనిషికి దిగే హక్కుందిరా. ఇన్నాళ్ళూ అడగలేదు, ఇప్పుడడుగుతున్నాను. ఆపు."

పార్కులో, బండెక్కే వరస దగ్గర, పదిమంది చూస్తుండగా పాపాయమ్మ ముడి విప్పింది. పిన్నులు తీసింది. సవరం లాగి గణేష్‌బాబు చేతిలో పెట్టింది.

"పట్టుకో. కిందపడేశావంటే ఊరుకోను."

మిగిలిన జుట్టుని చిన్న జడగా అల్లి భుజంమీదుగా ముందుకి వేసుకుంది. ఊరికి తెలియదనుకున్న రహస్యాన్ని నలుగురిలో అలా బయటపెట్టడానికి ఆవిడకి ఎంత గుండె కావాలో గణేష్‌బాబుకి అర్థమైంది. సవరాన్ని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకున్నాడు.

ఈసారి ముందు సీటుకోసం పేచీ లేదు. నడిమి వరసలో కూర్చుంది. ఆర్టీసీ బస్సులో కుదుపు తగలకూడదంటే ఎక్కడ కూర్చోవాలో తెలిసిన మనిషికి ఈ బండి వేరే చెప్పాలా? భుజాల కమ్మీ సరిగ్గా బిగిసిందో లేదో అక్కడి కుర్రాడి చేత రెండుసార్లు చూపించుకుంది. తల వెనక్కి ఆనించింది. కళ్ళు తెరిచి పట్టా ఎటు తిరుగుతోందో చూస్తోంది. బండి పైకెక్కింది. దూరంగా గోదావరి ఎండలో మెరుస్తోంది. అంచుమీద ఆగింది.

అప్పుడు వెనక సీట్లోంచి వినబడింది. "కళ్ళు మూసుకున్నారేంటండీ పాపాయమ్మగారూ!"

జవాబు కడుపులోంచి ఎగదన్నుకొచ్చింది. మంచి జవాబు. సువార్తమ్మ ఏడేడు తరాలూ గుర్తుంచుకునే జవాబు. పాపాయమ్మ పెదాలు బిగించింది. తల దిండుని వదల్లేదు. బండి దూకింది. గాలి చెవుల్లో హోరుమంది, పొట్ట గొంతులోకొచ్చి మళ్ళీ కిందికెళ్ళింది, ఎడమకి ఒరిగింది, కుడికి ఒరిగింది. పట్టా తిరిగే వైపుకి ఒళ్ళు ముందే సిద్ధపడుతుంటే, గట్టుమీద మోపెడ్ మలుపు తిప్పినట్టే ఉంది. సగం దారిలో ఆవిడకి నవ్వొచ్చింది. నోరు మూసుకునే నవ్వింది.

దిగాక మొదట వెనక్కి తిరిగింది. మెడ ఒక్కటే తిరిగింది, ఒళ్ళు కదల్లేదు. "నీ కళ్ళే ముందు తుడుచుకోవే, నీళ్ళు కారుతున్నాయి!" అంది సువార్తమ్మతో. తర్వాత నీళ్ళు తాగి, కాసేపు నీడన కూర్చుని, మళ్ళీ వరసలోకి నడిచింది.

"ఇంకెందుకు మామ్మా, గెలిచావు కదే!" అంది నాగదుర్గ.

"ఒకసారయితే గాలివాటం అంటాడు మీ నాన్న."

రెండోసారీ ఎక్కి, తలకి ఏ నొప్పీ లేకుండా దిగింది. గుడ్లగూబలా అటూ ఇటూ మెడ తిప్పి చూపిస్తూ కొడుకు దగ్గరికి వచ్చింది. గణేష్‌బాబు ఎండలో నిలబడే ఉన్నాడు, చేతిలో సవరం అలాగే ఉంది. మొహం మాత్రం ఆకాశంకేసి ఉంది.

"దిగాన్రా. ఇటు చూడు."

"చూడలేనమ్మా," అన్నాడు. "నువ్వెక్కిన దగ్గర్నుంచీ పైకే చూస్తున్నాను. మెడ పట్టేసింది. తల కూడా పగిలిపోతోంది."

సువార్తమ్మ నవ్వు ఆపుకోలేక చెట్టుచాటుకి పోయింది. పాపాయమ్మ నవ్వలేదు. కొడుకుని నీడలో కూర్చోబెట్టింది. నీళ్ళు తాగించింది, అరచేత్తో మెడ నెమ్మదిగా రాసింది. "ఎండలో టోపీ అన్నా పెట్టుకోవద్దురా?" అని తిట్టింది. నొప్పి కాస్త సర్దుకున్నాకే కారెక్కనిచ్చింది.

"తాళం?" అంది ఎక్కగానే.

"నీ ముందున్న డబ్బాలో చూడు."

అక్కడే ఉంది. అతను ఇంటినుంచే తెచ్చాడు. తాళం కొంగు చివర ముడేసుకుని, ఆ ముడిని రెండుసార్లు లాగి చూసుకుంది.

కారు మెల్లగా గేటు దాకా వచ్చింది. గణేష్‌బాబు కుడివైపు చూడబోయి, "అబ్బా!" అని ఆగిపోయాడు. పాపాయమ్మ మెడ హాయిగా అటు తిప్పి, ఇటు తిప్పి, రోడ్డు మొత్తం చూసింది.

"లారీ వస్తోంది, ఆగు... పోయింది. ఊఁ, పోనియ్యి." కాసేపు స్టీరింగుకేసి చూసి, "ఒరేయ్ అబ్బాయ్, ఇది నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుద్దంటావ్?" అని అడిగింది.