వడలు లేని తద్దినం

పోయిన వారం మధ్యాహ్నం చింతచిగురు ఏరుకుంటూ కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. అవతల ఎవరో అమ్మాయి, గొంతు వింటే మా మనవరాలి వయసుండవచ్చు. మా అక్క కొడుకు ఫోన్‌లోనే ఎక్కడో అప్పు తీసుకుని, జామీనుకు అడిగితే నా నెంబరు ఇచ్చాడట, కట్టడం మానేశాడట. ఆ మాట చెప్పడానికి ఆ పిల్ల నన్ను నువ్వనీ, సిగ్గులేదా అనీ, మీ చుట్టాలందరికీ ఫోన్ చేసి చెబుతాననీ గుక్కతిప్పుకోకుండా అంది. తిరుపతి బళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, పిల్లల చేత లేచి నిలబడి దండాలు పెట్టించుకున్నదాన్ని, కోపం రాలేదంటే అబద్ధమే. అయితే ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది మా అక్క కొడుకు కాదు, చిన్నప్పుడు నగరిలో మా ఇంటి ముందు తిన్నె మీద కూర్చునే మామ.

మాది మగ్గాల కుటుంబం. గుంట మగ్గం మీద నడుము వంగిపోయిన మా తాత, కొడుకైనా నిటారుగా నిలబడి పని చేసుకోవాలని ముచ్చటపడి, పుత్తూరు సావుకారు దగ్గర అప్పు చేసి కరెంటు మగ్గం పెట్టించాడు. పెట్టించిన ఏడాదిలోపే గుండె నొప్పి వచ్చి పోయాడు. మగ్గమూ అప్పూ రెండూ మా నాయనకు వచ్చాయి. నూలు ధర పెరగడం, కరెంటు ఉన్ననాడు నూలు లేకపోవడం, నూలున్ననాడు కరెంటు లేకపోవడం మన తరం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అప్పు అలా పాతబడిపోయింది.

సావుకారు తరఫున వసూలుకు వచ్చే ఆయన్నే మేము మామ అనేవాళ్ళం. అలా పిలవమన్నది మా అవ్వే. అప్పడిగేవాడు వస్తే తలుపు వేసుకోవడం అప్పుకన్నా పెద్ద అవమానమని ఆమె లెక్క. మామ ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు. పంచె ఎగగట్టుకుని వచ్చి మా తిన్నె మీద కూర్చునేవాడు, అంతే. ఆయన ఎవరి తిన్నె మీద కూర్చున్నాడో వీధి వీధంతా చూసేది. నీళ్ళు కూడా తనే సీసాలో తెచ్చుకునేవాడు. మా అవ్వకేమో మిట్టమధ్యాహ్నం గడప ముందు ఒక మనిషి పస్తు కూర్చోవడం ప్రాణం మీదికి వచ్చేది. మజ్జిగ ఇచ్చి నన్ను పంపేది. ఆయన చేతులు జోడించి, "వద్దు తల్లీ, తింటే ఇంగ ఈ ఇంటి మింద నాకు నోరు లేయదు" అనేవాడు. ఉప్పు తిన్న ఇంటిని నిలదీయకూడదన్నది ఆయన వృత్తిధర్మం. ఆయన చేత ఒక్క ముద్ద తినిపించాలన్నది మా అవ్వ పంతం. ఆ పంతంలో దయ ఎంతో, యుక్తి ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకనాడు మామ ఒంటరిగా రాలేదు. ఇద్దరు కూలీలు, ఒక తోపుడు బండి వెంట ఉన్నారు. ఇక గడువు లేదని, మగ్గం మోటారు విప్పుకుని రమ్మని సావుకారు చెప్పాడట. మోటారు పోతే మగ్గం ఉట్టి ఇనుము. మగ్గం ఆగితే ఇంటిల్లిపాదీ ఇంకొకరి మగ్గం మీద కూలికి పోవాలి, నా చదువు అక్కడితో సరి. నూలు కండెలు చుడుతున్న నా చేతులు ఆగిపోయాయి. నాయన మగ్గం ఆపి, తల వంచుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆయన అట్లా నిలబడడం నేను అంతకుముందు చూడలేదు.

అప్పుడు మా అవ్వ తల మీద కొంగు కప్పుకుని గడపలోకి వచ్చింది.

"ఈ పొద్దు మా ఇంటాయన తిథప్పా. ఇనుము కదిలించే దినం గాదు. కాళ్ళు కడుక్కోని లోపలికి రాండి, విస్తరేస్తాం."

మా వైపు తద్దినం నాడు గడపకు వచ్చినవాణ్ణి పస్తు పంపరు. వచ్చినవాడు విస్తరిని కాదని పోకూడదు, పోతే పోయిన పెద్దను తోసిపోయినట్టే. ఇదంతా బాగానే ఉంది కానీ, మా తాత తద్దినానికి ఇంకా నాలుగు నెలలుంది. పైగా ఆనాడు మా పొయ్యి మీద కరువాడు పులుసు కుతకుత ఉడుకుతోంది. ఎండుచేపల వాసన దాచితే దాగేదా? వీధి మొదట్లోకే వస్తోంది. అమ్మ ఒక్క క్షణం బిత్తరపోయి, అంతలోనే తేరుకుని, "ఆ వాసన పక్కింటోళ్ళదన్నా" అని ఎవరూ అడగకముందే చెప్పేసింది. ఆ వెంటనే కుండను పెరటి గోడ మీదుగా పక్కింటికి దాటించింది కనుక, ఆమె మాట కొంతవరకు నిజమే అయింది.

మామ నిలబడే ఉన్నాడు. "నేను అప్పడిగేదానికి వచ్చినోణ్ణి పెద్దమ్మా" అన్నాడు.

"అప్పు జేసినాయన దినానికే వచ్చినావు గదా. ఆయనే పిలిపించినాడనుకో."

ఆయన అవ్వ ముఖం వైపు, మగ్గం దగ్గర నాయన వైపు చూసి, చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కున్నాడు. కూలీలూ కడుక్కున్నారు. అమ్మ గబగబా పప్పు వండి, బెల్లం పాయసం కాచింది. ఉద్దిపప్పు నానబెట్టే వ్యవధి ఎక్కడిది? వడలు లేవు. వడ లేని తద్దినం మా వీధిలో ఎవరూ పెట్టరు. అవ్వ కాకికి పిండం పెట్టి వచ్చింది. మామ తలెత్తకుండా తిని, విస్తరి మడిచి, బయటికి వచ్చి, "బండి తిప్పండ్రా" అన్నాడు. సావుకారు దగ్గర తనే పూచీ నిలబడి ఏడాది గడువు తెచ్చాడని నాయనకు తర్వాత పుత్తూరులో తెలిసింది.

చచ్చినాయన పేరు చెప్పి అబద్ధమాడిందని నాయన కొన్నాళ్ళు అవ్వతో మాట్లాడలేదు. "బతికుంటే ఆయనే ఆడుండును పోరా" అని ఆమె దులిపేసుకుంది కానీ, రాత్రిళ్ళు దీపం ముందు చెంపలేసుకోవడం నేను చూశాను.

నాలుగు నెలలకు అసలు తద్దినం వచ్చింది. విస్తళ్ళు వేసే వేళకు చూస్తే గడపలో మామ, చేతిలో అరటిపండ్లు, తమలపాకులు. ఎవరూ పిలవలేదు. అంతకుముందు ఏడాది అదే తిథికి వసూలుకు వచ్చి, మా ఇంటి ముందు జనాన్ని చూసి వీధి మొదట్లోంచే వెనక్కి తిరిగి పోయాడట. తిథి ఎప్పుడో ఆయనకు మొదటి నుంచీ తెలుసు. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుని, "పోయిన తిథికి వడల్లేవు పెద్దమ్మా, ఈసారన్నా ఉండాయా?" అన్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో మాకు తెలియలేదు.

ఆ అప్పు నాయన పైసలతో సహా తీర్చాడు. అవ్వ మాత్రం అబద్ధమాడిన తిథిని వదల్లేదు. ఒకసారి పిలిచి విస్తరేశాక పోయిన తాత ఆ రోజు కూడా ప్రతి ఏడూ వచ్చి కూర్చుంటాడేమోనని, తను బతికినన్నాళ్ళూ ఏడాదికి రెండు తద్దినాలు పెట్టింది. ఓపిక ఉన్నన్నాళ్ళూ మామ రెండింటికీ వచ్చాడు.

ఆ రోజులు బాగుండేవని నేను అనను. అప్పున్న ఇంట్లో ఆడపిల్లగా పెరిగినదాన్ని, ఆ మాట నా నోట రాదు. కానీ అప్పుడు అడిగేవాడికి మా పొయ్యి మీద ఏముందో తెలిసేది, మాకు ఆయన ఆకలి తెలిసేది. ఇప్పుడు అడిగే పిల్ల ముఖం నాకు తెలియదు, ఏ ఊళ్ళో కూర్చుని పస్తుతో తిడుతోందో తెలియదు. మా అక్క కొడుకును పిలిచి చీవాట్లు పెట్టి, అప్పు కట్టించే ఏర్పాటు చేశాను. అదొక్కటే నా చేతిలో ఉన్నది.

అవ్వ పోయాక తాతకు ఒక్క తద్దినమే మిగిలింది. అయ్యవారిని పిలిచి, వడలతో సహా మా తమ్ముడు సక్రమంగానే పెడుతున్నాడు. రెండోది ఇప్పటి పిల్లలకు తెలియనే తెలియదు. నాకు మాత్రం తాత ఆ రెండో తిథి నాడే వస్తాడనిపిస్తుంది, ఆకలితో, మామను వెంటబెట్టుకుని.