చున్నీ మీద బెండకాయ పూలు

అక్క జ్వరంతో ఆసుపత్రిలో చేరి ఇక ఇంటికి రాలేదు. బావకు గుడివాడలో ఎరువుల కొట్టు. ఐదేళ్ళ కూతురిని ఒక్కడే చూసుకోలేక, "కొన్నాళ్ళు నీ దగ్గరుంచుకోమ్మా" అని మచిలీపట్నం తెచ్చి నాకు అప్పగించాడు. మాకు పిల్లల్లేరు. ఆ ఏడాదంతా అది మా పిల్లే.

అన్నం పెడితే తినేది, బడికి వెళ్ళేది, అడిగితే బదులిచ్చేది. అమ్మ అన్న మాట మాత్రం ఎత్తేది కాదు, ఒక్కసారీ ఏడవలేదు. అక్క తెల్ల చున్నీ చెంపకింద ఉంటేనే నిద్రపోయేది.

తుఫాను వర్షాలకు బడికి సెలవిచ్చారు. నేను కూర తరుగుతుంటే బెండకాయ ముక్క అందుకుని, "పిన్నీ, పువ్వులా ఉంది!" అంది. దాని మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో! వెంటనే పళ్ళెంలో పోస్టరు రంగు చిక్కగా కలిపాను. తొడిమ వైపు ముక్కను రంగులో ముంచి కాగితం మీద అద్దాను. ఐదు రేకుల ఎర్ర పువ్వు పడింది. ఇక దాన్ని ఆపగలమా! పాత పేపర్లు, అట్టపెట్టెలు, నా నైటీ అంచు, అన్నీ పూలే.

తర్వాత లోపలికి పరిగెత్తి ఆ చున్నీ తెచ్చింది.

"వద్దు నాన్నా, అది అమ్మది కదా."

"అమ్మకి పూలిష్టం" అంది.

ఆ మాట విన్నాక కాదనలేకపోయాను. దుప్పటి మడిచి కింద వేసి దానిమీద చున్నీ పరిచాం. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, నాలుక బయటపెట్టి మరీ, ఎంతో శ్రద్ధగా అద్దింది. ఫ్యాను కింద ఆరాక తీసి మొహానికి హత్తుకుంది. రెండో చివర కూడా ముక్కుకి ఆనించి నా వైపు చూసింది.

"పిన్నీ, అమ్మ వాసన రావట్లేదు."

అప్పుడు ఏడ్చింది. అక్క పోయినప్పటి ఏడుపంతా ఆ మధ్యాహ్నం ఏడ్చింది. ఒళ్ళో వేసుకుని నేనూ ఏడ్చాను. ఆ తర్వాత మాత్రం అమ్మ గురించి రోజూ ఏదో ఒకటి చెప్పేది. ఆ కబుర్ల కోసమే దానికి జడ మెల్లగా వేసేదాన్ని.

వేసవిలో బావ మళ్ళీ పెళ్ళి చేసుకుని పిల్లను తీసుకెళ్ళాడు. తండ్రి కదా, వద్దనడానికి నేనెవర్ని? "దీన్ని ఉతక్కూడదు, రంగు పోతుంది" అని పిల్లకు చెప్పి చున్నీ సంచిలో పెట్టాను. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపింది.

ఉండబట్టలేక కొన్నాళ్ళకు గుడివాడ వెళ్ళాను. పెరట్లో తీగ మీద చున్నీ ఆరుతోంది. ఒక్క పువ్వూ లేదు.

"తెలియక మిషన్లో వేసేశానండీ" అంది బావ కొత్త భార్య, నా మొహం చూడలేక.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "ఏం పర్లేదు పిన్నీ. మళ్ళీ వేసుకుందామంది అమ్మ."

ఒక్క క్షణం అక్కే కళ్ళముందు కదిలింది. పిల్ల చూపు వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆవిడ మీద ఉంది.

"నాకు సరిగ్గా రావట్లేదండీ" అందావిడ. "కాగితం మీద ఎన్నిసార్లు అద్దినా పువ్వంతా ముద్దలా పడుతోంది. మీరైతే బాగా వేయిస్తారంట. కాస్త చూపిస్తారా?"

చూపించాను. ముక్క కోశాక గుడ్డతో జిగురు తుడవాలని, రంగు పల్చగా అంటించాలని, నొక్కి నిటారుగా పైకి తీయాలని. ఆరిన చున్నీ తెచ్చి పరిచి, ముగ్గురం నేలమీద కూర్చుని అద్దాం. ఆవిడకు మొదటి పువ్వు సరిగ్గా పడగానే, "అమ్మా, వచ్చేసింది!" అని పిల్ల ఆవిడ మెడ చుట్టేసింది. ఆవిడ మంచిది. ఆ సంగతి వెళ్ళిన కాసేపటికే నాకు తెలిసిపోయింది.

భోజనానికి ఉండమన్నారు. పనుందని చెప్పి బయల్దేరాను.

మచిలీపట్నం బస్టాండుకు మా ఆయన బండి తీసుకొచ్చారు. "ఎలా ఉంది పిల్ల?" అన్నారు.

"బాగుందండీ. చాలా బాగుంది" అన్నాను. బండి ఎక్కబోయి, ఎక్కలేక, అక్కడే బల్ల మీద కూలబడ్డాను. ఆయన బండికి స్టాండు వేసి వచ్చి నా పక్కన కూర్చున్నారు.