నూనె కారే జీపు

ఫిల్మ్‌నగర్ దిగుడులో ఏ జీపైనా వేగంగా వస్తుంటే ఇప్పటికీ నా కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి.

ఓ సినిమా కోసం పాత జీపును వెడల్పు చేశారు. వెనక చక్రాల మధ్య ఉండే ఆక్సిల్ గొట్టాన్ని కోసి, ముక్క కలిపి వెల్డింగ్ చేసింది సెట్లు కట్టే షెడ్డువాళ్ళు. థర్మాకోల్‌తో రాతికోట నిలబెట్టే ఘనులు! కెమెరాకి అతుకు కనపడకపోతే వాళ్ళ పని అయిపోయినట్టే. ఆ జీపును వాలులో తోలుకొచ్చి కెమెరా ముందు బ్రేకు కొట్టాల్సింది మా తమ్ముడు. హీరో బదులు బండి తోలడం వాడికదే మొదటిసారి.

చక్రం దగ్గర నూనె కారుతోందని మెకానిక్‌నైన నన్ను పిలిచారు. డ్రమ్ము విప్పేసరికి బ్రేకు లైనింగు నూనెలో నానిపోయి ఉంది. లైనింగు, రబ్బరు సీలు రెండూ మార్చాను. కాస్త తిప్పగానే మళ్ళీ కారింది. అనుమానమొచ్చి గొట్టంలోకి తిన్నని కడ్డీ దూర్చితే ఓ పక్క ఒరుసుకుంది. వెల్డింగ్ వేడికి గొట్టం వంగింది. లోపలి షాఫ్టు ఓ వారగా తిరుగుతుంటే ఏ సీలు మాత్రం నూనెను ఆపుతుంది? ఆ నూనెకు జారి వాలులో బ్రేకు పడకపోతే తమ్ముడు ఏమవుతాడు? ఈ జీపు తోలడానికి వీల్లేదన్నాను.

"ఒక్క షాటే కదండీ, తుడిచేస్తే కనపడదు," అన్నాడు ఆర్ట్ అసిస్టెంటు. అప్పటికే చక్రం కింద నిమ్మకాయ పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండింది. "నిమ్మకాయతోని బ్రేకు పడ్తదా? జర నువ్వు కూసో గా సీట్ల!"

అతను కూర్చోలేదు. షాటు వాయిదా పడింది. చేతికొచ్చిన అవకాశం చెడగొట్టానని తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు.

కొత్త గొట్టం నేనే చేశాను. లోపల తిన్నని కడ్డీ బిగించి, ఓ పక్క కొంచెం, ఎదురుపక్క కొంచెం, చల్లారనిస్తూ అతికించాను. సీలు కూర్చునే చోటును అన్నీ అయ్యాక లేత్ మిషన్ మీద సరిగ్గా గుండ్రంగా తీయించాను. తిప్పి చూస్తే చుక్క కారలేదు. అయినా నా భయం పెరిగిందే గానీ తగ్గలేదు. నిన్నటిదాకా తిట్టడానికి షెడ్డువాళ్ళైనా ఉన్నారు.

షూటింగ్ రోజు తమ్ముడు స్టీరింగ్ ముందు కూర్చుని, ఇన్నాళ్ళకు నోరు విప్పాడు.

"అన్నా, గిది నువ్వే చేసినవ్ గదా?"

"నేనే. జర ముందుగాల మెల్లగ తోలి, బ్రేకు..."

"నువ్వు చేస్తే ఇంక సూసేదేమున్నది?" అని వాడు జీపును వాలు పైకి తోలుకుపోయాడు.

నేను రోడ్డు పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నాను. జీపు దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కళ్ళు తెరిచే ధైర్యం లేదు. బ్రేకు కీచుమన్నాక కూడా, వాడు వచ్చి భుజం తట్టేదాకా తెరవలేదు.