అన్నానికి రా

ధాన్యమేదీ కడుపులోకి పోకూడదని డాక్టరు మా అమ్మాయికి చెప్పిన వారం అది. బ్రాంప్టన్‌లో మేం అద్దెకుండే బేస్‌మెంట్ వంటింట్లో మటన్ ఉడుకుతోంది. దాల్చినచెక్క, లవంగాలు, శొంఠి వేశాను. చిక్కదనానికి పిండి వేయకూడదు కాబట్టి ఎండు ఆప్రికాట్లు వేశాను. హైదరాబాద్ పెళ్లిళ్లలో ఖుబానీ అంటూ మీఠాగా తినే ఈ పళ్లను మాంసంలో వేయడమేమిటని ఒక పక్క చిరాకు. ఇది కూడా తినకపోతే పిల్ల ఇంకా చిక్కిపోతుందని మరోపక్క భయం. గరిటెకు ఎక్కడైనా మెతుకు అంటుకుని ఉందేమోనని తోమిందే తోమాను. బియ్యం డబ్బాని ముందే కారు డిక్కీలో పెట్టించాను.

పళ్లు కరిగి పులుసు చిక్కబడింది. గిన్నెలో వడ్డించి, అలవాటు కొద్దీ కేకేశాను.

"అన్నానికి రా తల్లీ!"

పరుగున వచ్చింది. గిన్నె చూసి ఆగిపోయింది.

"అమ్మా, ఇందులో రైస్ ఉందా? డాక్టర్ నో అన్నారు కదా!"

"లేదమ్మా. భోజనానికి రమ్మని అలా అంటాం, అంతే."

"దెన్ అన్నం అని ఎందుకన్నావ్?"

తను కుర్చీలో కూర్చుని, స్పూనుతో ఒక్కో ముక్కనీ పక్కకు జరిపి అడుగున వెతకడం మొదలుపెట్టింది.

వండింది నేనే. అయినా పిల్ల భుజం మీదుగా వంగి, మెతుకేమైనా కనిపిస్తుందేమోనని నేనూ చూస్తున్నాను.